నలభై దాటిన గాలి

మార్చి 6

పొద్దున ఎనిమిదింటికే రన్‌వే మీద 28 డిగ్రీలు. ఫ్లయింగ్ స్కూల్ కొత్త బ్యాచ్‌తో ఇవాళ బోర్డు మీద ఒకే ఒక్క లెక్క చేయించాను. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉంది. అది నేల ఎత్తు. ఇంజన్‌కు పని గాలితో. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, ఒత్తిడి 1005 హెక్టోపాస్కల్స్ అనుకుందాం. ఒత్తిడి తగ్గినందుకు ముందుగా ఓ రెండు వందల పైచిలుకు అడుగులు కలపాలి, సుమారు 2,000 అవుతుంది. ఆ ఎత్తులో ప్రామాణిక వాతావరణం లెక్కన ఉండాల్సింది 11 డిగ్రీలు. మనకున్నది 31 ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున ఇంకో 3,700. మొత్తం 5,700 అడుగులు. చక్రాలు బేగంపేటలోనే ఉంటాయి, ఇంజన్ పీల్చే గాలి మాత్రం ప్రామాణిక లెక్కన హార్స్‌లీ కొండ మీద ఉండాల్సిన గాలి కన్నా పలచన.

నిజామాబాద్ కుర్రాడు లేచి అడిగాడు: "మేడమ్, మన రన్‌వే మూడు కిలోమీటర్ల పైనే ఉంది కదా, మనకేం ఇబ్బంది?"

ఆ పొడవు టేకాఫ్ పరుగుకు సరిపోతుంది. ఆ తర్వాత ఎక్కాల్సిన అయిదారు వేల అడుగుల్లో ఇంజన్‌కు రన్‌వే చేసే సాయం ఏమీ లేదు. మిగతాది వచ్చే వారం చెబుతానన్నాను.

మార్చి 11

హ్యాంగర్‌లో, పై తొడుగు, అంటే కౌలింగ్, విప్పిన ఇంజన్ ముందు పాఠం. సెస్నా 172ఎస్‌లో ఉండేది లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ. నాలుగు సిలిండర్లు, 2,700 ఆర్‌పీఎం దగ్గర 180 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. పోసిన ఇంధనంలోని శక్తిలో మూడో వంతుకు మించి ప్రొపెల్లర్ దాకా రాదు. మిగిలిందంతా వేడే. పెద్ద వాటా ఎగ్జాస్ట్ గొట్టంలోంచి బయటికి పోతుంది, కొంత ఆయిల్ మోసుకుపోతుంది, తక్కింది సిలిండర్ల రెక్కల మధ్య నుంచి దూసుకెళ్ళే గాలి పట్టుకుపోవాలి.

అంటే గాలికి ఇక్కడ రెండు ఉద్యోగాలు. లోపల మంటకు తోడుండాలి, బయట ఆ మంట వేడిని తీసుకుపోవాలి. ఎండ ఈ రెండింటినీ ఒకేసారి దెబ్బకొడుతుంది. లోపలికి పోయే గాలి పలచబడితే 180 హార్స్‌పవర్ కాస్తా 160కి దిగుతుంది. బయట వీచే గాలి పలచబడి, పైగా ముందే కాగి వస్తే, అది మోసుకుపోయే వేడి తగ్గుతుంది.

శక్తి తగ్గితే పుట్టే వేడీ తగ్గుతుంది కదా, చెల్లుకు చెల్లు అని ఒకమ్మాయి వాదించింది. మంచి వాదన, సగం నిజం కూడా. రెండో సగం ఏమిటంటే, శక్తి తగ్గిన విమానం మెల్లగా ఎక్కుతుంది. పది నిమిషాల్లో అయ్యే పని పదమూడు నిమిషాలు పడుతుంది. అంతసేపూ ముక్కు పైకి, థ్రాటిల్ చివరికంటా లోపలికి, వేగం తక్కువ. సిలిండర్లకు గాలి బాగా కావలసిన వేళే గాలి అతి తక్కువగా అందుతుంది.

మార్చి 19

ఆయిల్ మార్చారు. చలికాలమంతా బాగానే నడిచిన సింగిల్ గ్రేడ్‌ను ఇప్పుడు తీసేసి 15డబ్ల్యూ50 పోశారు. లైకమింగ్ పట్టికలో ఇది అన్ని ఉష్ణోగ్రతలకూ పనికొస్తుంది. సింగిల్ గ్రేడే కావాలంటే 27 డిగ్రీలు దాటే చోట ఎస్ఏఈ 60 దాకా వెళ్ళమంటుంది ఆ పట్టిక.

ఆయిల్ ఉష్ణోగ్రతకు ఎర్రగీత 245 ఫారన్‌హీట్, మన లెక్కలో 118. అలాగని చల్లగా ఉంటే మంచిదీ కాదు. 80కి తగ్గకుండా నడిస్తేనే లోపల చేరిన తేమ ఆవిరై పోతుంది. పెద్ద మెకానిక్ అన్న డిప్‌స్టిక్ తుడుస్తూ చెప్పాడు: "ఎండాకాలం ఆయిల్ తక్కువుంటె అదే ఆయిల్ మాటిమాటికి తిరుగుతది మేడమ్, దానికి చల్లబడనీకి టైమెక్కడిది?" పుస్తకం ప్రకారం అయిదు క్వార్ట్‌లుంటే ఎగరొచ్చు, గరిష్ఠం ఎనిమిది. నా వరకు మార్చి నుంచి జూన్ దాకా ఏడుకు తగ్గితే పోయించుకునే బయల్దేరతాను.

మార్చి 27

ఇవాళంతా బాఫిల్స్.

ఎవరూ వాటి మీద పద్యాలు రాయరు గానీ, నాకు చిన్న విమానంలో ఇంతకన్నా ముచ్చటైన భాగం కనిపించదు. ప్రొపెల్లర్ వెనక ముక్కుకు రెండు వైపులా ఉన్న రంధ్రాల నుంచి గాలి లోపలికి వస్తుంది. వచ్చి ఇంజన్ పైన ఉన్న ఖాళీలో నిండుతుంది. అక్కడ ఒత్తిడి కొంచెం ఎక్కువ. ఇంజన్ కింద, కౌలింగ్ అడుగున ఉన్న తెరపి దగ్గర కొంచెం తక్కువ. ఆ కొంచెం తేడాయే గాలిని పైనుంచి కిందికి, సిలిండర్ రెక్కల సందుల్లోంచి తోస్తుంది. గాలి వేరే దారి పట్టకుండా చుట్టూ పలచని అల్యూమినియం రేకులు, రేకుల అంచున కౌలింగ్‌కు ఆనుకుని మెత్తటి రబ్బరు పట్టీ. ఇంతే ఏర్పాటు. ఫ్యాన్ లేదు, పంపు లేదు.

ఆ రబ్బరు గట్టిపడి వంపు తిరిగినా, వెనక మూలలో వేలెడు సందు పడినా, గాలి అటే పోతుంది. కష్టపడి రెక్కల సందుల్లో దూరాల్సిన అవసరం దానికి లేదు. కిటికీలన్నీ మూసిన గదిలో కూలర్ పెడితే ఏమవుతుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. గాలి బయటికి పోయే దారి కూడా కూలర్‌లో భాగమే. ఇక్కడా అంతే. కింద తెరపి, పైన పట్టీలు, మధ్యలో రెక్కలు, మూడూ కలిస్తేనే చల్లదనం.

మెకానిక్ అన్న చేసే పరీక్ష తేలిక. హ్యాంగర్ తలుపులు వేసి, కౌలింగ్ బిగించి, లోపల చిన్న దీపం పెట్టి చూస్తాడు. వెలుతురు రాకూడని చోట వస్తే అక్కడ గాలీ పారిపోతుందన్నమాట. ఇవాళ కుడివైపు వెనక, మూడో సిలిండర్ దగ్గర సన్నటి గీతలా వెలుతురు వచ్చింది. చలికాలంలో ఆ సిలిండర్ మిగతా వాటికన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఇంజన్‌కు చలికాలం అంత ఓపిక ఇస్తుంది. మే ఇవ్వదు. పట్టీ మార్చడానికి రేపు సాయంత్రం దాకా విమానం ఆగుతుంది. ఆగనీ.

ఏప్రిల్ 4

39.

2017కు ముందు అమల్లో ఉన్న అమెరికా ధ్రువీకరణ నిబంధనలు మళ్ళీ తిరగేశాను. చిన్న విమానం ఇంజన్ చల్లబడుతుందని తయారీదారు నిరూపించి చూపాల్సి ఉండేది. ఎంత ఎండలో? కనీసం సముద్రమట్టం దగ్గర 100 ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీలు. పైకి పోయే కొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు 3.6 ఫారన్‌హీట్ తగ్గుతుందని ఊహ. ఆ గీత మీద బేగంపేట ఎత్తును గుర్తిస్తే 34 డిగ్రీలు వస్తుంది.

చల్లని రోజు పరీక్ష చేసి వేడి రోజుకు సరిచూసుకునే పద్ధతి కూడా అందులోనే ఉంది: బయట ఒక డిగ్రీ పెరిగితే సిలిండర్ తల, ఆయిల్ కూడా ఒక డిగ్రీ పెరుగుతాయని లెక్కేస్తారు, సిలిండర్ గొట్టానికి మాత్రం 0.7. మన మే నెల 42 ఆ 34 కన్నా ఎనిమిది డిగ్రీలు పైన. ఈ విమానాలు మన ఎండకు పనికిరావని దీని అర్థం కాదు. తయారీదారులు కనీసం దగ్గరే ఆగాలని లేదు, దశాబ్దాలుగా ఇక్కడ ఎగురుతూనే ఉన్నాయి కూడా. కానీ కాగితం మీద నిరూపించి తీరాల్సిన హద్దు మనకు ఏప్రిల్ పొద్దుటే దాటిపోతోంది. ఆ పైన ఇంజన్‌ను కాపాడాల్సిన బాధ్యత పైలట్ చేతికి వస్తుంది. విద్యార్థులకు ఈ సంఖ్య తప్పక తెలియాలి. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా నేను చెబుతాను.

ఏప్రిల్ 12

వీఐపీ విమానం వస్తోందని హోల్డింగ్ పాయింట్ దగ్గర ఆపారు. చాలాసేపు. 2008లో పెద్ద విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాక కూడా బేగంపేటలో ఇది మామూలే.

నేల మీద నిలబడ్డ ఇంజన్‌కు ఎదురుగాలి ఉండదు. ప్రొపెల్లర్ మొదలు దగ్గర రెక్క గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది, అది లోపలికి తోసే గాలి చాలా తక్కువ. అందుకే ముక్కు గాలికి ఎదురుగా తిప్పి ఆపించాను. వెయ్యి ఆర్‌పీఎం దగ్గర మిక్స్చర్ బాగా లీన్ చేయమన్నాను, అంటే గాలిలో కలిసే ఇంధనాన్ని బాగా తగ్గించమని. అమ్మాయి భయపడింది: "లీన్ చేస్తే వేడెక్కుతుంది కదా మేడమ్?" ఐడిల్‌లో పుట్టే వేడే అంతంత మాత్రం, అక్కడ లీన్ చేయడం వల్ల ఏమీ కాదు. చేయకపోతేనే నష్టం. 100ఎల్ఎల్ అవ్‌గ్యాస్‌లో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. రిచ్ మిశ్రమంలో అది సరిగా మండక స్పార్క్ ప్లగ్గుల మీద గూడు కడుతుంది. తీరా క్లియరెన్స్ వచ్చాక మాగ్నెటో పరీక్షలో ఇంజన్ దడదడలాడుతుంది.

ఒకటే షరతు. అంత గట్టిగా లీన్ చేయాలి, మరిచిపోయి థ్రాటిల్ తోస్తే ఇంజన్ తడబడి ఆగిపోయేంతగా. కాస్త లీన్ చేసి వదిలేస్తే ఆ స్థితిలోనే టేకాఫ్‌కు వెళ్ళే ప్రమాదం ఉంది.

స్టార్ట్, టాక్సీ, టేకాఫ్ కలిపి పుస్తకం ఇచ్చే ఇంధనం 1.4 గాలన్లు, అయిదు లీటర్ల పైచిలుకు. ఇవాళ్టి నిరీక్షణలో ఆ లెక్క చెల్లలేదు.

ఏప్రిల్ 13

ఏసీ లేని కాక్‌పిట్‌లో సర్క్యూట్లు చేసిన పిల్లలకు మజ్జిగ తప్పనిసరి చేశాను.

ఏప్రిల్ 21

ఎడమ రెక్క కింద, స్ట్రట్ పక్కన ఉన్న వెంట్ గొట్టం నుంచి నీలి చుక్కలు. హెల్పర్ కుర్రాడు ట్యాంకు కారుతోందని పరుగున వచ్చాడు. లీక్ కాదు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మూతదాకా నింపారు. మధ్యాహ్నం ఎండకు రెక్క కాలి ఇంధనం ఉబ్బింది. డిగ్రీకి వెయ్యింట ఒకటికి కాస్త పైన పెరుగుతుంది అవ్‌గ్యాస్. ఈ విమానంలో వాడుకోగలిగేది 53 గాలన్లు, అంటే 200 లీటర్లు. ఇరవై డిగ్రీలు పెరిగితే నాలుగైదు లీటర్లకు చోటు చాలదు, దారి వెతుక్కుని బయటికొస్తుంది.

కారిన చుక్కల కన్నా నాకు మిగిలిన ఇంధనం గురించే ఆలోచన. 15 డిగ్రీల దగ్గర లీటరు అవ్‌గ్యాస్ సుమారు 0.72 కిలోలు తూగుతుంది. 42 దగ్గర 0.70. ఇంజన్ మండించేది బరువును, మనం పుల్ల ముంచి చూసేది మట్టాన్ని. కాబట్టి నిండుగా కనిపించే ట్యాంకులో రెండు మూడు శాతం శక్తి తక్కువ. గంటకు 36 లీటర్లు తాగే ఇంజన్‌కు అది దాదాపు పది నిమిషాల ప్రయాణం. ఒక్కటే అయితే పెద్దది కాదు. వేసవిలో ఇలాంటి చిన్నవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

మే 2

"ఎండలో విమానం ఎక్కువ పెట్రోలు తాగుతుందా?" నెల నుంచి వేర్వేరు మాటల్లో అందరూ అడుగుతున్న ప్రశ్న. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. కూర్చుని రాసుకుంటే గానీ నాకూ తేటగా రాదు.

క్రూజ్‌లో తాగదు. అదే ఆర్‌పీఎం దగ్గర, మిక్స్చర్ సరిగా లీన్ చేస్తే, గంటకు కాలే ఇంధనం తగ్గుతుంది కూడా. గాలి తక్కువ దొరికింది కాబట్టి దానికి సరిపడా ఇంధనమూ తక్కువే. శక్తీ తక్కువే. ఆ శక్తిని మళ్ళీ తెచ్చుకోవాలంటే ఆర్‌పీఎం పెంచాలి, అప్పుడు ఇంధనం మామూలు లెక్కకు వస్తుంది.

ఎక్కేటప్పుడు తాగుతుంది. సెస్నా పుస్తకంలో క్లైంబ్ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: ప్రామాణిక ఉష్ణోగ్రతకు పైన ప్రతి పది డిగ్రీలకు సమయం, ఇంధనం, దూరం పది శాతం చొప్పున పెంచుకోవాలి. మనం ముప్ఫై డిగ్రీలు పైన ఉన్నాం. అంటే ముప్ఫై శాతం. పట్టికలో అంకెలు చూసి గమనిక వదిలేసే పిల్లలు ఎందరో. ఏటా నేను ఆ గమనికకు ఎర్ర సిరాతో గీత గీస్తాను.

నేల మీద ఎదురుచూపుల్లో తాగుతుంది. మధ్యాహ్నం లేచే క్యుములోనింబస్ మేఘాలను చుట్టి పోవడంలో తాగుతుంది.

అన్నిటికన్నా, మిక్స్చర్‌ను ముట్టుకోని చేతుల్లో తాగుతుంది. గాలి పలచబడే కొద్దీ కార్బురేటరైనా, మన ఇంజెక్షన్ సర్వో అయినా మిశ్రమాన్ని తనంతట తానే రిచ్ వైపు జరుపుతుంది. మిక్స్చర్ ఎర్ర నాబ్ లోపలికి తోసి అలాగే వదిలేస్తే, 5,700 అడుగుల గాలిలో సముద్రతీరపు ఇంధనం పోస్తున్నట్టే. శక్తి రాదు, ప్లగ్గులు మసిబారతాయి, ట్యాంకు ఖాళీ అవుతుంది.

అయితే ఆ అదనపు ఇంధనమంతా వృథానా? అక్కడే నా మనసు ఆగుతోంది. క్లైంబ్‌లో మండకుండా మిగిలే ఇంధనం మంటను నెమ్మదింపజేస్తుంది, ఒత్తిడి శిఖరాన్ని పిస్టన్ కాస్త కిందికి జారాక వచ్చేలా వెనక్కి నెడుతుంది, ఆవిరవుతూ కొంత వేడి తాగేస్తుంది. సిలిండర్ తల చల్లగా ఉండేది చాలావరకు అందువల్లే. మార్చిలో పిల్లలకు చల్లార్చేవి రెండే అని చెప్పాను, గాలి, ఆయిల్ అని. మూడోది ఇంధనం. వేసవిలో మొదటి రెండూ బలహీనపడినప్పుడు భారం మూడోదాని మీద పడుతుంది. ఆ లీటర్లు ఖర్చుపద్దులో రాయాల్సిందే, కానీ ఆదా చేయాల్సిన పద్దులో కాదు.

మే 5

డొల్లు కర్తరి మొదలు.

మొదటి సార్టీ దిగి ఇరవై నిమిషాలకు రెండో సార్టీ. ఇంజన్ ఎంతకీ అందుకోదు. ఆపిన ఇంజన్ వెంటనే చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. మంట ఆగినా లోహంలో దాగిన వేడి బయటికి పాకుతుంది, దాన్ని పట్టుకుపోయే గాలి లేదు. సిలిండర్ల నెత్తిన సన్నటి ఇంధన గొట్టాలున్నాయి. వాటిలోని అవ్‌గ్యాస్ మరిగి బుడగలవుతుంది. పంపు తోసేది ఇంధనం కాదు, ఆవిరి.

మిక్స్చర్ పూర్తిగా వెనక్కి, థ్రాటిల్ పావంగుళం, ప్రైమింగ్ వద్దు. స్టార్టర్ తిప్పుతూ, అందుకోగానే ఎర్ర నాబ్ మెల్లగా ముందుకు. పది సెకన్లు తిప్పాక ఇరవై సెకన్లు ఆగాలి, ఇంకా రెండు మార్లు చేయొచ్చు, ఆ తర్వాత పది నిమిషాలు స్టార్టర్‌కు విశ్రాంతి. కుర్రాడు ఓపికగా చేశాడు, అందుకుంది. ఇకపై దిగగానే కౌలింగ్ మీది ఆయిల్ తలుపు తెరిచి పెట్టమన్నాను. అక్కడినుంచి ఎగజిమ్మే వేడి మొహానికి కొడుతుంది, అంత వేడి లోపల మిగలకుండా పోయినట్టే.

మే 11

అగ్ని కర్తరి. 43.

క్లైంబ్‌లో మూడో సిలిండర్ 410 ఫారన్‌హీట్ దాటింది. ఎర్రగీత 500. కానీ ఎర్రగీత అంటే అక్కడిదాకా హాయిగా ఉండొచ్చని కాదు. ఎక్కువకాలం మన్నాలంటే ఎకానమీ క్రూజ్‌లో 400 లోపల ఉంచమని లైకమింగే అంటుంది. 400 అంటే 204 డిగ్రీల సెంటీగ్రేడ్, ఆ వేడిలో అల్యూమినియం మిశ్రమం తన బలంలో చాలా భాగం పోగొట్టుకుని ఉంటుంది.

ముక్కు దించమన్నాను. అన్నిటికన్నా త్వరగా పైకెక్కించే వేగం 74 నాట్లు, 85కి తెచ్చాం. ఎక్కే వేగం నిమిషానికి వంద అడుగులకు పైగా పడిపోయింది, గాలి మాత్రం రెక్కల్లో బాగా పారింది. రెండు నిమిషాల్లో అంకె కిందికి వచ్చింది. "ఆలస్యంగా ఎక్కితే ఇంకా ఎక్కువ ఇంధనం కదా మేడమ్" అన్నాడు కుర్రాడు. కొంచెం. ముందుకూ పోతున్నాం కాబట్టి అంతా పోదు.

ఇంకో మాట చెప్పాను. పొడి ఎండ మధ్యాహ్నం ప్రతి వెయ్యి అడుగులకు మూడు డిగ్రీల దాకా తగ్గుతుంది. 7,500 అడుగుల దగ్గర బయట 26. అక్కడికి చేరేదాకానే ఈ కష్టం.

మే 14

రాత్రి నిద్ర పట్టక ఓ గ్రాఫ్ గీసుకున్నాను. మిక్స్చర్ లీన్ చేస్తూ పోతే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరిగి, ఒక శిఖరం తాకి, మళ్ళీ తగ్గుతుంది. సిలిండర్ తల ఉష్ణోగ్రత శిఖరం మాత్రం అక్కడ రాదు, దానికి 50 ఫారన్‌హీట్ దాకా రిచ్ వైపు ఉంటుంది. పుస్తకం 'రికమెండెడ్ లీన్' అని చెప్పేది సరిగ్గా ఆ చోటే: శిఖరానికి 50 రిచ్. మామూలు రోజున 75 శాతం శక్తి దగ్గర ఇందులో తప్పేమీ లేదు, పుట్టే వేడే పరిమితం. బయట ప్రామాణికం కన్నా 30 డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడు నేను అక్కడ కూర్చోను. శక్తిని 65 శాతానికి తగ్గించి, మిక్స్చర్‌ను శిఖరం దాకా తీసుకెళతాను. పుస్తకం దాన్నే 'బెస్ట్ ఎకానమీ' అంటుంది. కొన్ని నాట్ల వేగం పోతుంది. తలలు చల్లబడతాయి, ఇంధనం మిగులుతుంది.

క్లైంబ్‌లో ఇంధనం ధారాళంగా పోయాలి, క్రూజ్‌లో గట్టిగా పట్టుకోవాలి. మా వృత్తిలో దీన్ని తలకిందులుగా చేసేవాళ్ళు కనిపిస్తారు. ఖర్చు తగ్గుతుందని ఎక్కేటప్పుడే లీన్ చేసి, క్రూజ్‌లో భయంతో రిచ్‌గా వదిలేస్తారు. సిలిండర్ ధర తెలిసినవాళ్ళెవరూ ఆ లీటర్ల ఆదాను ఆదా అనరు.

మే 19

గన్నవరం, క్రాస్‌కంట్రీ. దాదాపు 145 నాటికల్ మైళ్ళు. దారిలో కృష్ణ ఎండి ఇసుక మేటలు.

రన్‌వే ఎత్తు వంద అడుగులు కూడా లేదు, అందుకని పిల్లలు ఇక్కడ ఇంజన్ హాయిగా ఉంటుందనుకుంటారు. 44 డిగ్రీలు, ఒత్తిడి 1000. లెక్క వేస్తే 4,000 అడుగులు దాటింది. దాని మీద ఉక్కపోత. నీటి ఆవిరి గాలి కన్నా తేలిక, గాలిలో అది ఎక్కువయ్యే కొద్దీ అదే చోట ఆక్సిజన్ తక్కువ. కొన్ని వందల అడుగులు ఇంకా కలుపుకోవాలి. చెమట ఆరని చోట ఇంజన్‌కూ సుఖం లేదు.

తిరుగు ప్రయాణం మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు పెట్టాను. మధ్యాహ్నం పోదామని అడిగిన ఇద్దరికీ రెండు వేళల క్లైంబ్ ఇంధనం విడివిడిగా లెక్క వేయించాను. తర్వాత అడగలేదు.

మే 26

రోహిణి కార్తె. పాత 172లో సోలోలు. అందులో సిలిండర్‌కు ఒక్కో గేజ్ లేదు, ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లు ఒక్కటే. ఆ ముల్లు నిజమే చెబుతుంది, ఆలస్యంగా చెబుతుంది. తల వేడెక్కిన చాలాసేపటికి గానీ ఆయిల్ కదలదు. అందుకని పాత విమానంలో క్లైంబ్‌ను ముల్లు చూసి కాదు, ముందే అనుకున్న వేగంతో నడపమన్నాను: 85 నాట్లు, మిక్స్చర్ రిచ్, 3,000 అడుగులు దాటాక ఇంజన్ గరగరలాడితే ఆ గరగర పోయేంత మాత్రమే లీన్.

పదకొండింటికి సోలోలు ఆపేశాను.

మే 29

బాబాయి ఫోన్: "బంకులో పెట్రోలు పోయించుకోకూడదట్రా మీరు? సగం ధరకొస్తుంది గదా." మైక్రోలైట్లలో ఉండే రోటాక్స్ 912 లాంటి ఇంజన్లు కారు పెట్రోలుతో నడుస్తాయి. మా లైకమింగ్‌కు అది కుదరదు. అవ్‌గ్యాస్ ఆవిరి ఒత్తిడి 38 డిగ్రీల దగ్గర 38 నుంచి 49 కిలోపాస్కల్స్ మధ్య ఉండాలని కచ్చితమైన నియమం. బంకు పెట్రోలు అంతకన్నా తొందరగా ఆవిరయ్యే రకం, అందులో 20 శాతం దాకా ఇథనాల్ కూడా. కర్తరి రోజుల్లో వేడి ఇంజన్ మీద అవ్‌గ్యాసే మరిగిపోతుంటే, ఇక దాని సంగతి చెప్పక్కర్లేదు.

మన దేశం చాలాకాలం అవ్‌గ్యాస్ దిగుమతి చేసుకుంది. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేస్తోంది. అది విని బాబాయి సంతోషించాడు.

జూన్ 8

మృగశిర. చేప ప్రసాదం కోసం వచ్చిన జనంతో ఊరు నిండిపోయింది. మధ్యాహ్నం జల్లు, 31 డిగ్రీలకు దిగింది. అదే విమానం, అదే కుర్రాడు, అదే 85 నాట్లు. మూడో సిలిండర్ 385 దాటలేదు.

ఇవాళ మొదటిసారి వాడు నన్ను అడగకుండా ఎర్ర నాబ్ ముట్టుకున్నాడు. క్రూజ్‌కు వచ్చాక శక్తి తగ్గించి, ఎగ్జాస్ట్ అంకెలు చూస్తూ, తొందరపడకుండా లీన్ చేశాడు. ఎందుకు చేశావని అడిగితే కారణం చెప్పాడు, పుస్తకంలో వాక్యం కాదు. సంతోషం.

జూన్ 14

వంద గంటల తనిఖీ. కంప్రెషన్ పరీక్ష. 80 పీఎస్ఐ గాలి ఎక్కించి ఎంత నిలుస్తుందో చూస్తారు: 76, 77, 71, 75. మూడోది తక్కువ. మెకానిక్ అన్న ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెట్టి, "ఇక్కడ సుయ్‌మంటుంది మేడమ్" అన్నాడు. ఎగ్జాస్ట్ వాల్వ్ అన్నమాట. ఆయిల్ పోసే మూత దగ్గర సవ్వడి లేదు, రింగులు బాగున్నాయి.

బోర్‌స్కోప్ పెట్టి చూశాం. కాలిపోతున్న వాల్వ్ ముఖం మీద రంగు ఒక అంచున మాత్రమే మారుతుంది. ఇది నడుమ నుంచి అంచు దాకా సమంగా, గుండ్రంగా ఉంది. 71 భయపడాల్సిన అంకె కాదు. సీటు మీద కాస్త మసి పట్టి ఉండొచ్చు. ఇంజన్ ఓ గంట నడిపి వేడిగా ఉండగా మళ్ళీ చూస్తే 74.

లాగ్‌బుక్‌లో రెండు అంకెలూ రాయించాను. వచ్చే యాభై గంటలకే మూడో సిలిండర్‌ను మళ్ళీ బోర్‌స్కోప్‌తో చూడాలి, వంద దాకా ఆగొద్దు. వెనక బాఫిల్ పట్టీ మార్చిలో వేసిందే, మూల దగ్గర అప్పుడే కొంచెం గట్టిపడింది. కొత్తది తెప్పించమని స్టోర్‌కు చీటీ రాశాను. సెప్టెంబరు చివర్లో మళ్ళీ ఎండ పెరుగుతుంది, అప్పటికి వేసి ఉండాలి.